పైకప్పుకి అంటుకున్న యూనిఫాం

బస్టాండులో పోయిన సామాన్ల గదిని పొద్దున్నే ఊడవడం అత్తమ్మ పని. ముందు బెంచీల కింద, తర్వాత అల్మరాల కింద, చివరికి నిచ్చెన కింద. ఇంగ్లీషు చీటీ తప్పుగా రాసి కడితే వస్తువు అరలో నిలవదు. మెల్లగా లేచి పైకప్పుకి అంటుకుంటుంది. నిచ్చెన అందుకే.

చీటీలు రాసే గుమాస్తా మానేశాక ఆ కుర్చీ తనకిమ్మని అడిగింది అత్తమ్మ. నడుం ఇక వంగనంటోంది మరి.

"పది చీటీలు రాసి చూపించు. పదీ సరిగ్గా ఉంటేనే," అన్నాడు ఆఫీసరు.

యాభై దాటాక అక్షరాలు దిద్దిన మనిషి. వస్తువుల పేర్లు పట్టుబడ్డాయి గానీ, పేరు ముందు ‘ఏ’ పెట్టాలో ‘యాన్’ పెట్టాలో బుర్రకెక్కదు.

"‘ఒక’ అనడానికి రెండు మాటలెందుకే వాళ్లకి?" అని కోడల్ని అడిగింది.

"మొదటి అక్షరం చూడండత్తయ్యా. ఏ, ఈ, ఐ, ఓ, యూ వస్తే ‘యాన్’."

"మరి యూనిఫాం?"

కోడలు గరిట పట్టుకుని ఆగిపోయింది. "యూయే కదా, ‘యాన్’ అనాలి. నోరు తిరగట్లేదేంటి?"

"నన్నడుగుతావేంటే తల్లీ."

పరీక్ష రోజు గొడుగుకి ‘యాన్’, సంచికి ‘ఏ’ అంటూ తొమ్మిది దాటించింది. పదోది రాబోయే గుమాస్తా కోసం కుట్టించిన కొత్త యూనిఫాం. కోడలి మాట ఒకటి, తన నోరు చెప్పేది ఒకటి. పెన్ను రెండుసార్లు ఎత్తి దించింది. చివరికి నోటినే నమ్మి ‘ఏ’ రాసింది.

"ఇదొక్కటీ పోయింది," అంటూ ఆఫీసరు ఎర్ర సిరాతో ఇంకో అక్షరం చేర్చి ‘యాన్’ చేశాడు.

యూనిఫాం ఒళ్లు విరుచుకుంది. బల్ల మీంచి లేచి, ఫ్యానుని తప్పించుకుని, పైకప్పుకి అంటుకుంది.

ఆఫీసరు దగ్గాడు. "నిచ్చెన అటుంది," అన్నాడు నేలచూపులు చూస్తూ.

అత్తమ్మ ఎక్కి ఎర్ర అక్షరం కొట్టేసింది. యూనిఫాం దిగొచ్చి, ఎవరో కప్పినట్టు ఆమె భుజాల మీద వాలింది.

"రేపట్నించి కూర్చోండి," అన్నాడు ఆఫీసరు.

తన రాత ఎలా ఒప్పయిందో మర్నాటికీ అత్తమ్మకి అంతుపట్టలేదు. కుర్చీలో కూర్చుని, అలవాటు కొద్దీ చీపురు కోసం చెయ్యి చాపింది. మూల నిలబడ్డ చీపురు ఇప్పుడు ఎవరిదీ కాదు. ఓ చీటీ తీసుకుని, దాని పేరు ముందు ఏం పెట్టాలా అని ఆలోచనలో పడింది.