సమాధానం చెప్పాలె

శవం గేటు బయట ఉంది. గేటుకు తాళం ఉంది. తాళంచెవి ప్రసన్నకుమార్ గారి జేబులో ఉంది.

తుర్కయంజాల్ దాటాక సాగర్ రోడ్డు నుంచి కొంచెం లోపలికి వెళ్తే వచ్చే సమాధుల తోట అది. మే నెల, మిట్టమధ్యాహ్నం. ట్రాలీ ఆటోలో మట్టయ్య పడుకుని ఉన్నాడు. బాటసింగారం పండ్ల మార్కెట్లో హమాలీ. రెండు రోజుల కింద మామిడికాయల ట్రేలు వరసకు వరస మీద కూలి చచ్చిపోయాడు. పోస్టుమార్టానికి ఒక రోజు పోయింది, కాగితాలకు ఇంకో రోజు పోయింది. దుప్పటి చుట్టూ ఈగలు ముసురుతున్నాయి. పెళ్లాం అండాలమ్మ కొంగుతో విసురుతూనే ఉంది. ముప్పై ఏళ్ల కాపురంలో ఆయన పక్కన కూర్చుని అంతసేపు విసిరింది ఆ రోజే.

"తాళం తియ్యి సారూ. ఎండకు ఆగుతలేడు" అంది.

ప్రసన్నకుమార్ గారు చర్చి కమిటీ సెక్రటరీ. బ్యాంకులో ఆఫీసరు. గుంటూరు నుంచి వచ్చి ఎల్బీనగర్‌లో ఇల్లు కట్టుకున్న మనిషి. గొంతు పెంచి మాట్లాడరు, అది ఆయన గొప్ప.

"నా చేతుల్లో ఏముందమ్మా? కమిటీ రూలు. పోలీసు పంచనామాలో మతం హిందువని మీరే రాయించారు. రేపెవరైనా కేసు వేస్తే చర్చికి ఎంత చెడ్డపేరో ఆలోచించండి."

"గీ తోటల బొందలన్నీ ఆయనే తవ్విండు గద సారూ. మీ అమ్మను పెట్టిన దినం ఎంత వాన! మోకాళ్లదాంక బురదల నిలవడి తవ్విండు."

"ఆ సేవ దేవుడు మర్చిపోడమ్మా."

దేవుడు మర్చిపోడట! మర్చిపోయే పని కమిటీ చూసుకుంటుంది కాబోలు.

పాస్టరు సాయినాథ్ బైబిలు చంకలో పెట్టుకుని గేటు పక్కనే నిలబడ్డాడు. నల్గొండ పల్లెలో పుట్టినవాడే, మట్టయ్య వాడకట్టు వాడే. ఆయన జీతం కమిటీ చేతిలో, ఆయన ఉండే గది చర్చి మేడ మీద. తల వంచుకుని చెప్పుల వంక చూస్తున్నాడు. పాస్టరుకు సాయినాథ్ అన్న పేరేంటని కొత్తగా వచ్చినవాళ్లు నవ్వుతుంటారు. నవ్వేవాళ్లకు ఏం తెలుసు? దళితుడు తాను క్రైస్తవుడినని కాగితం మీద ఒప్పుకున్న రోజు ఎస్సీ హక్కు పోతుంది. చట్టం అట్లా రాసి పెట్టారు. పిల్లకు సీటు, పిల్లవాడికి నౌకరీ కావాలంటే కాగితం మీద హిందువు కావాలి. నమ్ముకున్న దేవుణ్ని దాచుకోమని సర్కారే చెప్తుంది. దాచుకున్నావు కాబట్టి మా తోటలో చోటు లేదని చర్చి చెప్తుంది. రెండిటి మధ్య ఎండలో శవం కుళ్లుతుంది.

మూడు గంటలు బతిమాలారు. ఊరికి తీసుకుపోదామంటే అక్కడి బొందలగడ్డ ఎప్పుడో ప్లాట్లయింది. వాసన మొదలయ్యాక ఆటో డ్రైవరు కూడా ఏడుపు మొహం పెట్టాడు. చివరికి సర్కారు శ్మశానానికి తోలుకుపోయారు. అక్కడివాళ్లు కాగితం చూసి, హిందువే కదా అని కట్టెలు పేర్చారు.

అండాలమ్మ అప్పుడు పెట్టిన కేక విన్నవాళ్లు మర్చిపోలేరు.

"కాలవెట్టకున్రి! కడబూర ఊదిన దినం సచ్చినోళ్లంత లేస్తరు గద, ఈయన ఎట్ల లేస్తడు? ఏ కాళ్లతోని లేస్తడు?"

ఎవరు సమాధానం చెప్తారు? మంట ఎవరి మాటా వినదు. మర్నాడు చిన్న మట్టికుండలో బూడిద ఇచ్చారు. సైదాబాద్ వెనక బస్తీలో ఆమె కిరాయి గది. కుండను బియ్యం డబ్బా పక్కన పెట్టుకుంది. నీళ్లలో కలిపి రమ్మని చుట్టాలు పోరు పెట్టారు. "తోటకు పోతడు. ఆయన తవ్విన మట్టిల ఆయనకు జాగ లేదంటే నేను ఒప్పుకోను" అని కూర్చుంది.

ఈ చర్చి కథ కూడా కొంచెం వినాలి. ఇరవై రెండేళ్ల కింద అది నాలుగు రేకుల షెడ్డు. నల్గొండ నుంచి వలస వచ్చిన కూలీలు పునాది తవ్వారు, డప్పు కొట్టి పాటలు పాడారు. తర్వాత ఉద్యోగస్తులు వచ్చారు, మేడ లేచింది. ఇప్పుడు పై హాల్లో తొమ్మిది గంటలకు ఏసీ ఆరాధన. కూలీలకు పన్నెండింటికి కింద సెల్లార్లో. ఎందుకట్లా అంటే "మీ పాటలు వేరు, మా పాటలు వేరు, సంస్కృతులు వేరమ్మా" అన్నారు. కులం అన్న మాట ఆ చర్చిలో ఎవరూ నోటితో అనరు. సంస్కృతి అంటారు. ఏటా ఒరిస్సా కొండల్లోకి సువార్త బృందాన్ని పంపుతారు, గిరిజనుల పక్కన కూర్చుని అన్నం తిన్న ఫొటోలు గోడకు పెడతారు. సెల్లార్ మెట్లు పదహారు. ఆ పదహారు మెట్లు దిగడం వాళ్లకు కొండలెక్కడం కన్నా కష్టమైంది.

బూడిద ఇంటికి వచ్చిన పన్నెండో రోజు పాస్టరు సాయినాథ్ అండాలమ్మ గదికి వచ్చాడు. తిరుపతమ్మ అక్కడే చాయ్ తాగుతోంది. అండాలమ్మ, తిరుపతమ్మ ఇద్దరూ కార్పొరేషన్ సఫాయి పనిలో ఉన్నారు, దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు ముందు రోడ్డు ఊడుస్తారు. తిరుపతమ్మ చర్చి మనిషి కాదు, ఇంట్లో ఎల్లమ్మను పెట్టుకుంది. యూనియన్ మీటింగు మాత్రం ఒక్కటీ మానదు.

"అక్కా, వచ్చే ఆదివారం సమాధాన కూడిక పెట్టిన్రు" అన్నాడు పాస్టరు. "పై దేశం నుంచి దొరగారు వస్తున్నడు. సంస్కృతుల మధ్య సమాధానం అని బ్యానర్ గూడ కొట్టిచ్చిన్రు. నిన్ను స్టేజీ మీదికి పిలిచి శాలువ కప్పుతరు. ప్రసన్నకుమార్ సారు నీకు చెయ్యి ఇస్తడు. నువ్వు జర సమాధానపడితే..."

తిరుపతమ్మ చాయ్ గ్లాసు కింద పెట్టింది.

"మంచిగనే ఉంది. ఏం సమాధానం చెప్తరంట?"

"చెప్పుడు కాదమ్మా. సమాధానం అంటే... శాంతి. మా దాంట్ల గట్లంటం."

"ఓహో! మా దాంట్ల సమాధానం అంటే జవాబు సారూ. పీనుగును ఎందుకు రానియ్యలేదని అడిగితే చెప్పేది. గది చెప్పకుంట శాలువ కప్పితే సమాధానం ఎట్లయితది?"

అండాలమ్మ తిరుపతమ్మ వంక అట్లాగే చూస్తూ ఉండిపోయింది. ఇరవై రెండేళ్లుగా ప్రతి ఆదివారం ఆ మాట విన్నది. తలొంచి ఆమెన్ అన్నది. బజార్లో, ఆఫీసులో అందరూ వాడే అర్థం ఆమెకు తెలియదా? తెలుసు. చర్చి గడప దాటేటప్పుడు చెప్పులతోపాటు ఆ అర్థాన్ని కూడా బయటే విడిచి వచ్చేది.

"ఒస్త అని చెప్పు అయ్యగారూ" అంది పాస్టరుతో. "సమాధానం కోసమే ఒస్త."

ఆ సాయంత్రం బస్తీలో అందరూ కూడారు. హమాలీలు, సఫాయివాళ్లు, ఇళ్లల్లో పనిచేసే ఆడవాళ్లు. సగంమంది సెల్లార్ జనం, సగంమందికి చర్చితో సంబంధమే లేదు. మట్టయ్యతో కలిసి మూటలు మోసిన రామస్వామి లేచి పళ్లు కొరికాడు.

"ఆ సెక్రటరీ బిడ్డకు ఎస్సీ కోటాల ఇంజనీరింగ్ సీటు ఎట్లొచ్చింది? ఆయన గూడ మనలెక్కనే కాగితం మీద హిందువే! పై హాల్ల సగంమంది గంతే. అందరి సర్టిఫికెట్లు రోడ్డు మీద పెడ్దాం. తిక్క కుదురుతది!"

జనం హోరెత్తారు. "పెట్టాలె! పెట్టాలె!"

"వద్దు." అండాలమ్మ లేచింది. "గా సంగతి నాకెప్పుడో ఎరుక. ఆయన బిడ్డ సీటు పోతే మన పిల్లలయి గూడ పోతయ్. ఆ కాగితం అబద్ధం మనం పుట్టించింది గాదు, సర్కారు పుట్టించింది. దాన్ని అడ్డం వెట్టుకొని ఆయన నన్ను కొట్టిండు. నేను గూడ దాంతోనే కొడితే ఆయనకు నాకు తేడా ఏంది? నాకు జవాబు కావాలె. నా పెనిమిటికి జాగ కావాలె. గంతే."

"జవాబు ఇయ్యకుంటే?"

"అందరం కలిసి పోదాం. ఆయన గడ్డపార ఇంట్లనే ఉంది."

రామస్వామి చాలాసేపు గొణిగాడు. చివరికి కూర్చున్నాడు.

ఆదివారం పై హాలు నిండిపోయింది. దొరగారు ముసలాయన, మెత్తని మనిషి, అందరినీ చూసి చేతులు జోడిస్తున్నాడు. ఆయన పక్కన మైకు పట్టుకుని తేజస్విని, ప్రసన్నకుమార్ గారి కూతురు. ఇంగ్లిషులోకి, తెలుగులోకి ఆమే తర్జుమా. అండాలమ్మను స్టేజీ ఎక్కించారు. భుజాన శాలువ పడింది. ప్రసన్నకుమార్ గారు నవ్వుతూ చెయ్యి చాచారు. ఫొటోగ్రాఫరు ముందుకు వంగాడు.

అండాలమ్మ చెయ్యి చాచలేదు.

"సమాధానం కావాలె సారూ."

దొరగారు తేజస్విని వైపు చూశాడు. ఆ అమ్మాయి చర్చిలో పుట్టి పెరిగింది. తడుముకోకుండా ఇంగ్లిషులో అనేసింది: "ఆమెకు పీస్ కావాలంటున్నారు." దొరగారి కళ్లు చెమ్మగిల్లాయి. చప్పట్లు కొట్టాడు. హాలంతా చప్పట్లు.

అండాలమ్మ బిత్తరపోయి చూసింది.

"గిందుల సప్పట్లు కొట్టేదేముంది? బిడ్డా, నా మాట సక్కగ చెప్పినవా?"

తేజస్విని తండ్రి వంక చూసింది. ఆయన కళ్లతోనే వద్దన్నారు. నానమ్మను పూడ్చిన రోజు ఆమెకు పదేళ్లు. వానలో గోతిలోంచి పైకి చూసి "జర దూరం జరుగు బిడ్డా, జారుతవు" అన్న మట్టయ్య ఆమెకు బాగా గుర్తున్నాడు.

"లేదాంటీ. తప్పు చెప్పాను." మళ్లీ మైకు ఎత్తింది. "ఆమె పీస్ అడగట్లేదు సార్. ఆన్సర్ అడుగుతున్నారు. ఆమె భర్త శవాన్ని తోటలోకి ఎందుకు రానివ్వలేదో చెప్పమంటున్నారు."

దొరగారు ప్రసన్నకుమార్ గారి వైపు తిరిగి ఏదో అడిగాడు. ఆయన కూతురి చేతిలోంచి మైకు లాక్కుని, అదొక సాంస్కృతికమైన విషయమని ఇంగ్లిషులో చెప్పబోయారు. అప్పటికే మెట్ల మీద అడుగుల చప్పుడు. సెల్లార్ జనం, వాళ్లతో బస్తీ జనం పదహారు మెట్లూ ఎక్కి వచ్చారు. నడవల్లో, కుర్చీల మధ్య, తలుపుల దగ్గర నిలబడ్డారు.

"సమాధానం చెప్పాలె!"

మొదట తిరుపతమ్మ గొంతు. తర్వాత రామస్వామి. తర్వాత ఎవరిది ఏ గొంతో తెలియలేదు. "సమాధానం చెప్పాలె! సమాధానం చెప్పాలె!" పై హాల్లోనూ ఇద్దరు ముగ్గురు ముసలమ్మలు లేచి నిలబడ్డారు. వాళ్ల మొగుళ్లకు బొందలు తవ్వింది కూడా మట్టయ్యే.

జవాబు రాలేదు. అండాలమ్మ శాలువ మడిచి కుర్చీలో పెట్టి మెట్లు దిగింది.

రెండు డీసీఎం వ్యాన్లలో కిక్కిరిసి తోటకు చేరారు. అండాలమ్మ చేతిలో గడ్డపార, తిరుపతమ్మ ఒళ్లో కుండ. తాళం మొదటి దెబ్బకు ఊగింది, మూడో దెబ్బకు ఊడింది. గోడవార ఖాళీ చోటు చూసి రామస్వామి మొదటి పోటు వేశాడు. ఎండకు నేల రాయిలా ఉంది. ఒకరు అలిసిపోతే ఇంకొకరు దిగారు.

తేజస్విని ఆటోలో వచ్చింది. చున్నీ నడుముకు కట్టుకుంటూ "ఆ గునపం నాకివ్వండి" అంది.

"గునపమా? గడ్డపార అంటరు బిడ్డా" అన్నాడు రామస్వామి. అంటూనే ఇచ్చాడు.

కాసేపటికి సాయినాథ్ బండి దిగాడు. అండాలమ్మ ముందు నిలబడ్డాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"అక్కా, ఆ దినం నేను నోరు తెరవలేదు. నన్ను..."

"అవన్నీ తర్వాత మాట్లాడుకుందాం అయ్యగారూ. ముందు తట్ట పట్టు."

బైబిలు గోడ మీద పెట్టి, చెప్పులు విడిచి, పాస్టరు మట్టి మోశాడు. ఆ చర్చి పుట్టిన నాటి నుంచి జరిగిన సమాధాన కూడిక అదొక్కటే అని నేనంటాను. కాదనేవాళ్లు ఆ రోజు అక్కడ లేరు.

పోలీసు జీపు వచ్చింది. కమిటీ ఫిర్యాదు.

"తాళం ఎవరు పగలగొట్టింది?" అన్నాడు ఎస్సై.

"నేనే. ఆ గడ్డపార నా పెనిమిటిది" అంది అండాలమ్మ.

జీపు ఎక్కించారు. కానిస్టేబులు కాగితం తీశాడు. పేరు చెప్పింది. మొగుడి పేరు చెప్పింది.

"మతం?"

జీవితమంతా ఆ ప్రశ్నకు భయపడి ఒకే మాట చెప్పిన మనిషి. ఈసారి కానిస్టేబులు మొహంలోకి చూసింది.

"గది నీకెందుకు కావాలె? పీనుగుకు జాగ ఇయ్యనీకె మతం ఎందుకు అడుగుతరు? ముందు నువ్వు సమాధానం చెప్పు."

వాడికేం తెలుసు, పాపం. ఆ గడి ఖాళీగా వదిలేశాడు.

గడ్డపార చప్పుడు ఆగలేదు. జీపులోంచి అండాలమ్మకు గోతిలో దిగినవాళ్ల తలలు కూడా ఇప్పుడు కనబడటం లేదు, ఎగిరిపడే మట్టి మాత్రం కనబడుతోంది. కుండ గోతి ఒడ్డున ఉంది. ఎస్సైకి చిర్రెత్తింది.

"ఏయ్, ఇంకెంత తవ్వుతరు? గంత చిన్న కుండకు గంత బొంద ఎందుకే?"

గోతిలోంచి తిరుపతమ్మ గొంతు వచ్చింది.

"కుండకు గాదు సారూ. మనిషికి తవ్వుతున్నం."