పత్తి మందు పడని చెట్టు

పంపరపనస మొక్క నాటాక చెయ్యాల్సిన పనులు చాలా ఉంటాయి. మొదలు దగ్గర నీళ్ళు నిలవకుండా పాదు చెయ్యాలి, చివికిన పశువుల ఎరువు వెయ్యాలి, ఎండాకాలం పాదులో ఆకులు కప్పాలి, చిగురు వేసినప్పుడల్లా పురుగు ఏరాలి. నల్లపాడు దగ్గర మా పెరట్లో ఇవన్నీ మా మేనత్త ఆదిలక్ష్మి చేసేది.

తొంభై ఎనిమిదిలో చెట్టు తొలిపూత మీద ఉండగా పచ్చపురుగులు లేతాకంతా తినేస్తున్నాయి. పత్తి చేలో మందు కొట్టి, వీపున ట్యాంకుతోనే వచ్చిన నాన్న, "అక్కా, ట్యాంకులో మందు మిగిలింది, కొట్టేస్తా. లేకపోతే చెట్టు దక్కదు" అన్నాడు.

అత్త చెట్టుకి అడ్డంగా నిలబడింది. "ఒరేయ్, పిల్లలు తినే కాయకి పత్తి మందేంట్రా? దాంతో నీ పత్తిలో పురుగే చావట్లా, నా చెట్టుని ఉద్ధరిస్తుందా!"

నాన్న నవ్వలేక నవ్వి ట్యాంకు దించాడు. అప్పట్నుంచి అత్త రోజూ పొద్దున్నే స్టూలెక్కి, ఆకాకూ తిప్పి చూసి పురుగుల్ని చేత్తో ఏరింది. ముళ్ళు గీరుకుని చేతులు మంటలెత్తినా మానలేదు. చెట్టు తేరుకుని కాసింది. మొదటి కాయ ఒలిచి, తొలి తొన నాన్న నోట్లోనే పెట్టి, "ఎట్టా ఉందిరా?" అంది. నాన్న ఇంకో తొనకి చెయ్యి చాపాడు.

అత్త ఇప్పుడు లేదు. మీ పెరటి చెట్టుకి పురుగు పట్టి, చెయ్యి మందు డబ్బా మీదికి పోయినప్పుడు మా ఆదిలక్ష్మత్తని ఒక్కసారి తలుచుకోండి.