అతుకులాయన

వేడినీళ్ళలో నాననిస్తే తప్ప పాత జిగురు వదలదు. గాజుగ్లాసు నిండా సబ్బునీళ్ళు పోసి, అందులో ఓ తగరపు సిపాయిని తలకిందులుగా వేలాడదీసి, అతుకులాయన ఆ గ్లాసు వంక అసహ్యంగా చూస్తున్నాడు. అసహ్యం సిపాయి మీద కాదు, వాణ్ణి ఇదివరకు ఏలుకున్న పెద్దమనిషి మీద. భుజం విరిగితే భుజంతో ఆగకుండా మెడకీ, గడ్డానికీ, చొక్కా గుండీలకీ కలిపి పులిమాడా మహానుభావుడు. గోడకి సున్నం కొట్టేవాడు కూడా కాస్త చెయ్యి ఆపుకుంటాడు.

"చేతులు కడుక్కోవడం రానివాళ్ళందరికీ చేతులు అతికించాలని సరదా" అని గొణుక్కున్నాడు.

ఆ బొమ్మలు చూపుడువేలంత ఉంటాయి. గడ్డాలు నెరిసిన మగవాళ్ళు సెలవురోజుల్లో పెద్ద బల్ల చుట్టూ చేరి, పాచికలు వేసి, టేపుతో కొలిచి, వాటిని జానెడు ముందుకీ బెత్తెడు వెనక్కీ జరుపుతూ యుద్ధాలు గెలుస్తుంటారు. ఇంట్లో భార్య గొంతు పెంచితే వరండాలోకి జారుకునే వీరులే అందరూ. ఆ భార్యలు ఎప్పుడో ఒకనాడు అటకలు దులుపుతారు. అప్పుడా సైన్యాలు అట్టపెట్టెల్లో పడి ఈ సెకండ్ హ్యాండ్ షాపుకి చేరతాయి. చేరేసరికి ఒకడికి చెయ్యుండదు, ఒకడికి కాలుండదు, గుర్రానికి తోకుండదు.

షాపు బావమరిదిది. షాపు వెనక, కర్టెన్ చాటున, ఒక్క కిటికీ ఉన్న గదిలో బల్ల మాత్రం అతుకులాయనది. గడియారాలు బాగుచేయడం నేర్చుకున్నాడు. ఆయన నేర్చుకోవడం పూర్తయ్యేసరికి జనం గడియారాలు బాగుచేయించుకోవడం మానేశారు. ఆయన జాతకంలో ముహూర్తాలన్నీ ఇలాంటివే. "నాలుగు రోజులు మా తమ్ముడి షాపులో కూర్చోండి" అంది భార్య. ఆ నాలుగు రోజులకీ ఇప్పుడు ఇరవై ఆరేళ్ళు.

సూదికంటే సన్నని డ్రిల్లుతో భుజంలో రంధ్రం చేసి, ఇత్తడి తీగ దిగ్గొట్టి, దాని మీద చెయ్యి నిలబెడతాడు. చెయ్యే లేకపోతే పసుపు పుట్టీ, నీలం పుట్టీ కలిపి పిసుకుతాడు. అవి కలిసి ఆకుపచ్చ ముద్ద అయ్యాక, చపాతీపిండిలో ఉండ తీసినట్టు గోరంత తీసి, వేళ్ళూ గోళ్ళూ మడతలతో సహా చెయ్యి చేస్తాడు. రంగు పడ్డాక అతుకెక్కడుందో కన్నతల్లి కూడా చెప్పలేదు. అదే చిక్కు. ఇల్లు ఊడ్చినట్టే ఈ పని కూడా. ఊడ్చనినాడే అందరికీ తెలుస్తుంది.

బల్ల మూల అగ్గిపెట్టెలో కర్ణుడుంటాడు. అడిగినవాడికల్లా ఇచ్చేవాడు కాబట్టి ఆ పేరు ఆయనే పెట్టాడు. మొదట్లో నిండు సిపాయే. ఎవరికో కుడిచెయ్యి కావలసి వస్తే ఇచ్చాడు, ఇంకెవరికో ఎడమది. తర్వాత కాళ్ళు పోయాయి, కత్తి ఒర పోయింది, టోపీ మీది ఈక పోయింది. ఇప్పుడు తలా మొండెమూ మిగిలాయి. ముఖంలో దొరతనం మాత్రం పోలేదు. అల్లుడింటికి చూడ్డానికొచ్చిన మామగారిలా గడ్డం ఎత్తుకునే ఉంటాడు.

పొద్దున బయల్దేరుతుంటే భార్య ఆయన సంచిలో ఓ గిన్నెమూత పడేసింది. దాని పిడి ఊడి పదకొండేళ్ళు. అప్పట్నుంచీ ఆవిడ దాన్ని పట్టకారుతోనే ఎత్తుతోంది.

"ఊళ్ళో బొమ్మలన్నిటికీ కాళ్ళూ చేతులూ వస్తాయి. నా మూతకి పిడి రాదు" అంది.

"ఇవాళ చూస్తాలే."

"చూడ్డానికేముంది, పదకొండేళ్ళుగా చూస్తూనే ఉన్నారు. ఆ చెయ్యేంటి, అలా పిసుక్కుంటున్నారు?"

"ఎడమది లాగుతోంది. పడుకున్న తీరు."

సిపాయిని నీళ్ళలోంచి తీయబోతుంటే కర్టెన్ లోంచి బావమరిది తల వచ్చింది. ఆ గదిలోకి ఎప్పుడూ తలే వస్తుంది, మనిషి రాడు.

"బావా, పదకొండింటికి భూతద్దం వస్తున్నాడు."

భూతద్దం అంటే మెడలో తాడుకి భూతద్దం వేలాడేసుకుని తిరిగే ఓ రిటైరైన ఆఫీసరు. అసలుదేదో అతుకుదేదో ఇట్టే పట్టేస్తానని కనపడిన ప్రతివాడికీ చెప్పుకుంటాడు.

"బ్యాండు దళం పన్నెండుమందినీ అడిగాడు. ఒక్కడి మీద కూడా చెయ్యి పడలేదని చెప్పాను."

"ఏడుగురికి అతుకులున్నాయి కదరా. నలుగురికి వంకర్లు తీసి గీకాను."

"అది నీకూ నాకూ తెలుసు. వాడు పట్టుకున్నాడనుకో, ఈ బల్ల తీసేసి మిషన్ పెట్టించేస్తా. చెయ్యి కావాలంటే చెయ్యి, కాలు కావాలంటే కాలు, అదే పోసి ఇస్తుందట. మధ్యలో టీ కూడా అడగదట."

"దానికి పాత జిగురు వదిలించడం వచ్చా?"

"దానికి ఎదురు మాట్లాడ్డం రాదు బావా. అదే దాని గొప్ప."

తల వెళ్ళిపోయింది. అతుకులాయన సిపాయిని నీళ్ళలోంచి తీసి బల్ల మీద ఆరబెట్టాడు. ఇంట్లో ఆయనకంటూ చెప్పుల స్టాండు పక్కన ఓ కుర్చీ ఉంది. ఈ బల్ల పోతే రోజంతా అందులో కూర్చుని, ఎవరు అడ్డం రమ్మన్నారని అడిగించుకోవాలి.

భూతద్దం చెప్పిన టైముకే వచ్చాడు. పన్నెండుమందినీ గాజుబల్ల మీద వరసగా నిలబెట్టి, పెళ్ళికూతుర్ని చూడ్డానికొచ్చిన మేనత్తలా ఒక్కొక్కణ్ణీ ఎగాదిగా చూశాడు. కర్టెన్ సందులోంచి అతుకులాయన చూస్తున్నాడు. బాకావాడి మీద అద్దం ఆగింది. వాడి కుడిచెయ్యి కర్ణుడిది. కదిలింది. జెండావాడి మీద ఆగింది. వాడి కుడికాలు మొత్తం పుట్టీ. కదిలింది. చివర్లో డోలువాడి దగ్గర ఆగిపోయింది.

"ఇదిగో, దొరికాడు దొంగ!"

"ఏమైందండీ?" అన్నాడు బావమరిది.

"ఎడమభుజం మీద గీత చూడు. ఎవడో నాటుపనివాడు అతికించాడు. మిగతా పదకొండుమందినీ చూడవయ్యా, ఎంత శుభ్రంగా ఉన్నారో! కంపెనీ పనంటే అదీ."

డోలువాడు ఆ పన్నెండుమందిలో ఏ లోపమూ లేకుండా వచ్చిన ఒకే ఒక్కడు. కాబట్టి అతుకులాయన చెయ్యి పడనివాడు కూడా వాడొక్కడే. భుజం మీది గీత కంపెనీవాడిదే. అచ్చు రెండు చిప్పలుగా ఉంటుంది. కరిగిన తగరం పోస్తే ఆ చిప్పలు కలిసినచోట గీత పడుతుంది. మిగతావాళ్ళ గీతల్ని అతుకులాయన పని చేస్తూ చేస్తూ గీకేశాడు.

"బావా, ఇలా రా!"

వచ్చి నిలబడ్డాడు.

"ఏమయ్యా, ఈ చెయ్యి నీ ఘనకార్యమేనా?" అన్నాడు భూతద్దం.

అతుకులాయన నోరు తెరిచాడు. అది అసలుదేనండీ అంటే, మరి మిగతావాళ్ళకి గీత ఏదంటాడు. దానికి జవాబు చెబితే పదకొండుమందీ బయటపడతారు, షాపు మాట పోతుంది, బల్ల పోతుంది. ఇరవై ఆరేళ్ళలో ఆయన పనిని ఒకడు మెచ్చుకోవడం ఇదే మొదలు. ఆ మెచ్చుకోలు కూడా కంపెనీకి పోయింది, తిట్టు తనకి మిగిలింది.

"చూస్తానండి" అన్నాడు.

"చూడ్డం కాదు, సరిచెయ్యి. గంటలో వస్తా. ఆ గీత కనపడిందా, దళం మొత్తం నాకొద్దు."

భూతద్దం మెట్లు దిగగానే బావమరిది తిరిగాడు. "పరువు తీశావు కదా బావా!"

"ఆ ఒక్కటే నేను చెయ్యి పెట్టనిదిరా."

"మరి ఆకాశంలోంచి ఊడిపడిందా? సాకులు చెప్పకు, పని చూడు."

పనేముంది, ఆకురాయితో రెండు రుద్దులు. అతుకులాయన దీపం వేసి, కంటికి అద్దం తగిలించుకుని, సన్న ఆకురాయి తీశాడు. గీత వెంట్రుకలో సగం ఉంది, భుజం మీంచి మోచేతి దాకా, వంకర లేకుండా. ఆకురాయి దగ్గరగా తెచ్చి ఆగాడు. ఈ షాపులో పుట్టినవాడు పుట్టినట్టున్నది వీడొక్కడే. వీణ్ణి గీకడం, అదీ మెడలో అద్దం వేలాడేసుకున్న ఓ గుడ్డివాడి కోసం!

"పోతే పోనీ, బల్లేగా" అన్నాడు పైకే. ఆకురాయి పక్కన పెట్టేశాడు. డోలువాణ్ణి శుభ్రంగా గుడ్డతో తుడిచి బల్ల మధ్య నిలబెట్టాడు.

ఇంకా ముప్పావుగంట ఉంది. చేతిలో పనిలేకుండా ఆ బల్ల దగ్గర ఆయన ఎప్పుడూ కూర్చోలేదు. కాలికి సంచి తగిలింది. మూత తీశాడు.

సొరుగులన్నీ వెతికినా పిడికి సరిపోయేదేదీ దొరకలేదు. అగ్గిపెట్టె తెరిచాడు. కర్ణుడి నడుము మూత మీది రంధ్రానికి సరిగ్గా కొలతేసినట్టుంది. అడుగు చదును చేసి, మొండెంలోకి రంధ్రం తొలిచి, మూత కిందనుంచి మర బిగించాడు. పట్టుకుని లాగాడు. కదల్లేదు. అతుకు మీద వేలు పోనిచ్చాడు. ఏమీ తగల్లేదు. మూతని సంచిలో సర్ది, చేతులు కడుక్కుని, లాగుతున్న ఎడమచేతిని ఒళ్ళో పెట్టుకుని, కుర్చీలో వెనక్కి వాలాడు.

గంట కాగానే కర్టెన్ లోంచి తల వచ్చింది. "కొంప మునుగుతుంటే కునుకు!" అంది తల. ఆ వెనక చెయ్యి వచ్చి డోలువాణ్ణి తీసుకుపోయింది.

భూతద్దం డోలువాణ్ణి వెలుతురుకి తిప్పి చాలాసేపు చూశాడు.

"ఆఁ! ఇప్పుడు చూడు, ఎంత తేడానో! అతుకన్నమాటే లేదు. గట్టిగా చెబితే గానీ చెయ్యరు వీళ్ళు."

పన్నెండుమందినీ దూదిలో చుట్టించుకుని వెళ్ళిపోయాడు. బావమరిదికి ఆనందం పట్టలేదు. రెండు టీలు తెప్పించి, తలతో పాటు మొత్తం మనిషే లోపలికి వచ్చాడు.

"లే బావా, నీ బల్ల ఎక్కడికీ పోదులే. టీ తాగు."

బావ లేవలేదు. ఆ టీ మీద మీగడ కట్టింది.

బావమరిది ఏడ్చాడు. ఏడ్చినంతసేపూ నిజంగానే ఏడ్చాడు. మిషన్ పదిహేను రోజులకి వచ్చింది.

సంచిని భార్య చాలా రోజులు ముట్టుకోలేదు. ముట్టుకున్ననాడు మూత బయటపడింది. పిడిని పట్టి లాగింది, తిప్పింది, అతుకెక్కడా అని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూసింది.

"ఇంతోటి దానికి పదకొండేళ్ళు!" అంది.

ఎసరు పెట్టి మూత వేసింది. ఎసరు మరిగాక ఎత్తబోతే చురుక్కుమని వేళ్ళు కాలాయి. తగరం కదా, నిప్పులా కాగిపోయింది.

"వేడిగిన్నె మూతకి లోహపు పిడి! ఒక్కసారైనా వంటింట్లోకి తొంగిచూసిన మనిషైతే కదా! చచ్చి సాధించడమంటే ఇదే" అంటూ వేళ్ళు చన్నీళ్ళ కింద పెట్టుకుంది. స్క్రూడ్రైవర్ చేతికందే సొరుగులోనే ఉంది. ఆవిడ దాని పక్కనున్న పట్టకారు తీసుకుంది.

పొయ్యి మీద ఎసరు కుతకుతలాడుతోంది. కాళ్ళూ చేతులూ లేని సిపాయి మూత మీద గడ్డం ఎత్తుకుని, ముక్కు మీంచి ఆవిరి చుక్కలు కారుతుండగా, వంటింటి వంక దర్జాగా చూస్తున్నాడు.