బావా, ఎడమ!

అతను పళ్ళసెట్లు తయారుచేస్తాడు. పొద్దస్తమానం ఎదురుగా బల్ల నిండా నోళ్ళే, ఒక్కటీ పలకదు. ఇంటికొస్తే అక్కడా అంతే. భార్య విడాకులు తీసుకుని వెళ్ళిపోయాక ఆ గదుల్లో గిన్నె కిందపడితే తప్ప చప్పుడుండేది కాదు.

మిగిలింది ఒక్కటే గొంతు, బావమరిదిది. వేరే ఊళ్ళో లిఫ్టులు బాగుచేసే అతను ఆదివారం వస్తే చాలు, కంప్యూటర్లో ఇద్దరిద్దరు జట్టుకట్టే తుపాకుల ఆటలోకి, ఇతని చెవుల్లోకి వచ్చేస్తాడు. అక్క వదిలేసిన మనిషిని ఇప్పటికీ "బావా" అనే పిలుస్తాడు. విడాకులతో మొగుడూపెళ్ళాల బంధం తెగితే తెగింది, పిలుపు కూడా మానెయ్యమని ఏ జడ్జీ తీర్పు చెప్పలేదు కదా! మనవాడు వారమంతా ఆ ఒక్క పిలుపు కోసమే ఎదురుచూసేవాడు. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

చిక్కల్లా మనవాడు ఆడే తీరుతోనే. శత్రువు కంటపడేసరికి తను చచ్చి ఉండేవాడు.

"బావా, ఎడమ! ఎడమంటే కుడికి తిరుగుతావేంటి?"

"తెర పాతదిరా. వాడు పరిగెడితే అలికేసినట్టు కనిపిస్తున్నాడు."

"ఆడలేక మద్దెల ఓడన్నది నీలాంటోడే. ప్రతిసారీ నేను గొంతు చించుకోవాలా? ఇలాగైతే వచ్చే పోటీలకి వేరే జత చూసుకుంటా, చెప్తున్నా."

నవ్వుతూనే అన్నాడు. ఇతనికి మాత్రం ఆ పూట ముద్ద దిగలేదు.

మర్నాడే మానిటర్ల దుకాణానికి వెళ్ళాడు. గోడంత తెర ఒకటి, అంచులు వంపు తిరిగి, రంగులు కారిపోతూ కనిపించేసరికి కళ్ళు చెదిరాయి. తుపాకుల ఆటకని చెబితే అమ్మే అమ్మాయి తల అడ్డంగా ఊపింది.

"సినిమాలకైతే తీసుకోండి సార్. వేగంగా ఆడే ఆటలకి వద్దు. ఈ మూల నుంచి ఆ మూలకి తల తిప్పేలోపు మీ పని అయిపోతుంది. ఇదిగో, ఈ చిన్నది చూడండి. మామూలువి సెకనుకి అరవైసార్లు బొమ్మ మారిస్తే ఇది రెండొందల నలభైసార్లు మారుస్తుంది."

రెండు తెరల మీదా ఒక అక్షరాన్ని అటూ ఇటూ పరిగెత్తించి చూపించింది. పెద్దదాని మీద అక్షరం వెనకాల తోకలా మసక సాగింది. చిన్నదాని మీద అంచు చెదరలేదు.

"రంగులు మాత్రం కాస్త తక్కువే, ఒప్పుకుంటా."

"రంగులతో నాకేం పనమ్మా?"

"ఎవరితో ఆడతారు సార్?"

"మా బావమరిదితో." ఆ మాట పైకి అని ఎన్నాళ్ళయిందో.

"ఇంట్లో మేడంగారు ఏమీ అనరా?"

"ఏమీ అనదు," అన్నాడు. అబద్ధం కాదు.

ఆదివారం కొత్త తెర ముందు కొత్త పెళ్ళికొడుకులా కూర్చున్నాడు. అదే చావు. మళ్ళీ అదే చావు.

"కొత్త తెర, పాత బావ," అని బావమరిది నవ్వాడు. కాసేపటికి నవ్వడం మానేశాడు. "ఏమీ అనుకోకు బావా. మా కంపెనీలో ఒకడున్నాడు, బాగా ఆడతాడు. సాయంత్రం ఇంకొక్కసారి చూద్దాం. కుదరకపోతే పోటీలకి వాణ్ణి పెట్టుకుంటా."

వెంటనే దుకాణానికి ఫోన్ చేశాడు.

"సెట్టింగుల్లో అంకె మార్చారా సార్?" అంది అమ్మాయి.

"ఏ అంకె?"

అవతల నిట్టూర్పు వినబడింది. తెర ఎంత వేగమైనదైనా, సెకనుకి ఎన్ని బొమ్మలో చెప్పే ఆ అంకె మార్చకపోవడంతో అతని కంప్యూటర్ పాత అలవాటు కొద్దీ అరవై బొమ్మలే పంపుతోందట. పంటి వంకరను వెంట్రుకవాసిలో పట్టేసే మనిషి, వైరు గుచ్చి పనైపోయిందనుకున్నాడు. ఈసారి మద్దెల నిజంగానే ఓడు. ఓడు చేసింది మాత్రం తనే.

సాయంత్రం అంకె మార్చి కూర్చున్నాడు. కళ్ళజోడు తుడిచి పెట్టుకున్నట్టుంది లోకం. మూల నుంచి వచ్చినవాణ్ణి వచ్చినట్టే పడగొట్టాడు.

"అబ్బో, బావా!" అన్నాడు బావమరిది మొదట్లో. ఆ తర్వాత అనాల్సిన పని లేకపోయింది. ఆట వెంట ఆట గెలుస్తూ పోయారు. చెవుల్లో మౌస్ టకటకలే మిగిలాయి.

"ఏరా, ఉన్నావా?"

"ఉన్నా. ఆడు."

"ఏమన్నా మాట్లాడరా."

"ఏం మాట్లాడను? అన్నీ నువ్వే చూసేసుకుంటున్నావుగా. నా గొంతుకి హాయిగా ఉంది. పోటీలకి మనిద్దరమే, ఖాయం."

కోరుకున్నది అదేగా! మరి ఏడుపెందుకు వచ్చిందో. ఓడితే మనిషి దూరమవుతాడు, గెలిస్తే మాట పోతుంది. ఇల్లు మళ్ళీ మునుపటి ఇల్లయిపోయింది.

చివరి ఆటలో ఎడమవైపు గోడ చాటు నుంచి శత్రువు భుజం కనిపించింది, చొక్కా మడతతో సహా. వేలు మౌస్ మీదే ఉంది. అతను నొక్కలేదు. శత్రువు ఇటు తిరిగాడు. తుపాకీ ఎత్తాడు. అతను ఇంకా ఆగాడు.

"బావా, ఎడమ!"

అప్పుడు నొక్కాడు.

"హమ్మయ్య! చూడలేదేమో అనుకున్నా," అన్నాడు బావమరిది.

"లేదురా, చూడలేదు. నువ్వు పిలవబట్టి సరిపోయింది," అన్నాడు అతను.