వంతెన పగులు మీది గాజుముక్క

నేను ఒక గాజుముక్కను. జానెడు పొడవు, రెండు వేళ్ల వెడల్పు. మొదట కాలువ లాకుల ఆఫీసులో లక్ష్మీదేవి పటానికి అద్దాన్ని. చట్రాన్ని చెదలు తినేశాక, ఇంజనీరు సునందగారు నన్ను ముక్కగా కోయించారు. వంతెన గోడలో సన్నటి పగులుంటే, దానికి అడ్డంగా సిమెంటుతో అతికించారు. పక్కన ఎర్ర రంగుతో తేదీ వేశారు.

ఆ కాలువ మీద పన్నెండు వంతెనలు. మరమ్మతు సొమ్ము రెండింటికే. ఆ రెండూ ఏవో మూడు నెలల్లో తేల్చాలి.

"నూకరాజూ, ఈ గాజు జాగ్రత్త" అని లస్కరుతో చెప్పి ఆవిడ జీపెక్కారు. లాకుల గేట్లు ఎత్తి దించే మనిషతను.

"ఆయ్, అలాగేనండి."

ఎందుకు జాగ్రత్తో ఆవిడ చెప్పలేదు. అతను అడగలేదు. పై అధికారిని ఎందుకని అడిగే అలవాటు లాకుల దగ్గర లేదు.

రోజూ గుడ్డతో తుడిచేవాడు. గేదెలు ఒరుసుకోకుండా ముళ్లకంప కట్టాడు. ట్రాక్టరు తోలే ఏసుబాబు నవ్వేవాడు.

"గాజుముక్కకి కాపలా కాత్తే జీతం ఇత్తన్నారా మావా? నాకూ ఓ ముక్క ఇప్పించు."

డెబ్బయ్యో రోజున ధాన్యం లారీ వెళ్లింది. నన్ను రెండువైపులా ఎవరో లాగినట్టయింది. టిక్కుమని రెండయ్యాను.

నూకరాజు ముఖం మాడిపోయింది. నిరుడు లాంతరు చిమ్నీ పగిలిందని మెమో ఇచ్చారు. ఇంకోటి వస్తే ఇంటికే అన్నారు. పటం అద్దంలో మిగిలిన ముక్క తెచ్చి నా చోట అతికించాడు. నన్ను రుమాల్లో చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

గడువు తీరి సునందగారు వచ్చారు. కొలతలయ్యేదాకా బండ్లన్నీ అవతలి గట్టున ఆపించారు. నా స్థానంలో ఉన్న ముక్కను వేలితో తడిమారు.

"చెక్కుచెదరలేదు. పగులు పెరిగుంటే ఇది ఎప్పుడో పగిలేది. ఈ వంతెనకి డబ్బు అక్కర్లేదు" అంటూ రాయడం మొదలుపెట్టారు.

నూకరాజు చెయ్యి జేబులో బిగిసింది. రుమాల్లోంచి పొడుచుకొచ్చిన నా అంచు అతని వేలిని కోసింది.

"బడి బస్సు వదిలేయమంటారా మేడంగారూ?" అని అవతల బండ్లు ఆపుతున్న ఏసుబాబు కేకేశాడు. ఆవిడ తలెత్తకుండానే చెయ్యి ఊపారు. బస్సు కదిలింది.

నూకరాజు పరుగెత్తి దానికి అడ్డంగా నిలబడ్డాడు.

"మతిపోయిందా మావా!"

బస్సు ఆగింది. నూకరాజు నన్ను తీసుకొచ్చి, నెత్తురుతోనే, ఆవిడ చేతిలో పెట్టాడు.

"ఇరవై రోజులయ్యిందండి ఇది పగిలి. నేనే మార్చేనండి. మెమో ఇచ్చేయండి."

ఆవిడ నా రెండు ముక్కలూ కలిపి చూశారు. "పగులుతుందో లేదో చూడ్డానికే పెట్టాను నూకరాజూ. ఆ మాట నీకు చెప్పలేదు" అన్నారు. రాసిన వాక్యం కొట్టేశారు. బస్సును వెనక్కి పంపారు.

ఇప్పుడు నేను బీరువాలో, ఆ వంతెన ఫైలుకి అతికి ఉన్నాను. ముందు పేజీలో మరమ్మతుకి మంజూరు. వెనక పేజీలో నూకరాజుకి మెమో, ఆఫీసన్నాక తప్పదట. దాని కింద సునందగారి చేతిరాత: "ఇతను చెప్పబట్టే తెలిసింది. ఇతన్ని కదపవద్దు."

నూకరాజు ఇంకా గేట్లు ఎత్తుతున్నాడు. నా అంచున అతని నెత్తురు మరక ఎండిపోయి ఉంది. దాన్ని ఎవరూ తుడవలేదు.