గుర్తింపు ఉంది వదినా

"ఇంట్లో కూర్చుని చదివే డిగ్రీ ఉండగా, గుంటూరు పోయి బెంచీల మీద కూర్చుంటానంటది. ఏం పోయేకాలమే నీకు?" అంది మా అత్త పుల్లమ్మ.

నేను గోరుచిక్కుళ్ళకు ఈనెలు తీస్తున్నాను. నైట్ డ్యూటీ నుంచి వచ్చి స్నానం చేసి అలాగే వంటింటి గుమ్మంలో కూర్చున్నాను. ఆమె మంచం మీద కాళ్ళు చాపుకుని ఉంది. ఆమెకు కాళ్ళనొప్పులు. గోరుచిక్కుళ్ళు ఒలవడానికి కాళ్ళతో పనేమిటని నేను అడగలేదు.

నరసరావుపేటలో ఒక ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లో స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. చదివింది డిప్లొమా. నా దగ్గర సూది పట్టుకోవడం నేర్చుకున్న పిల్లలు బీఎస్సీ చేసి వచ్చి, ఇన్‌ఛార్జిలై, నాకు డ్యూటీలు వేస్తున్నారు. డిప్లొమా వాళ్ళు రెండేళ్ళు చదివితే బీఎస్సీ వస్తుంది. అలాంటి కాలేజీ గుంటూరులో ఉంది. రోజూ వెళ్ళాలి, వార్డుల్లో పని చేయాలి. దరఖాస్తు పెడతానంటే మా ఆయన శ్రీహరి "చూద్దాంలే" అన్నాడు. ఆయన అలా అని చూసింది ఇంతవరకు ఒక్కటీ లేదు. ఆయనది మార్కెట్లో విత్తనాల కొట్టు. నర్సు అనే మాట ఆయన నోట రాదు. పెళ్ళిళ్ళలో ఎవరైనా అడిగితే "మా ఆవిడ మెడికల్ లైన్" అంటాడు. కొట్టుకొచ్చిన వాళ్ళకు బీపీ చూడాల్సి వస్తే మాత్రం ఆ లైన్ గుర్తొచ్చి నాకు ఫోన్ చేస్తాడు. వీధిలో ఎవరికి జ్వరమొచ్చినా "మా వాసంతి వచ్చి సెలైన్ ఎక్కిస్తదిలే" అని మా అత్త మాటిచ్చి వస్తుంది. నేను ఎక్కించి తిరిగొస్తే "వాళ్ళనీ వీళ్ళనీ ముట్టుకునే పని, స్నానం చెయ్యకుండా వంటింట్లోకి రాకే" అంటుంది. ఆ చేతులతో వండిన పప్పు మారు వేయించుకుంటుంది.

నేను దరఖాస్తు మాట రెండోసారి ఎత్తాక, శ్రీహరి తన స్నేహితుడు అరుణ్ కుమార్‌ను ఇంటికి తెచ్చాడు. అతనికి స్టేషన్ రోడ్డులో మేడ మీద గది ఉంది. దాని ముందు ఫ్లెక్సీ: ఇంటి నుంచే బీఎస్సీ నర్సింగ్. ఆ డిగ్రీ ఇచ్చే యూనివర్సిటీ ఏ రాష్ట్రంలో ఉందో అతను రెండు రకాలుగా చెప్పాడు. నేను కాఫీ ఇచ్చి నిలబడ్డాను. మా హాల్లో నా చదువు గురించి మాట్లాడుతున్న వాళ్ళంతా కూర్చుని ఉన్నారు.

"గుర్తింపు ఉందా?" అని అడిగాను.

"గుర్తింపు ఉంది వదినా. యూజీసీ ఉంది."

"అది యూనివర్సిటీకి. నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు కావాలి. ఈ కోర్సుకి."

"అదీ ఇదీ ఒకటే వదినా. అంతా గవర్నమెంటే గదా."

"వార్డు పని ఎక్కడ చేయిస్తారు?"

"వీడియోలుంటాయి. కాన్పు కూడా వీడియోలోనే చూపిస్తారు. చానా క్లియర్‌గా ఉంటది."

"బిడ్డ అడ్డం తిరిగితే? ఆపి, వెనక్కి తిప్పి చూస్తారా?"

అరుణ్ కుమార్ నవ్వాడు. శ్రీహరి నవ్వలేదు. "ఏందే ఆ మాటలు, మగాళ్ళ ముందర" అన్నాడు. కాన్పు వీడియోలో చూపిస్తానని మగవాడు చెప్పినప్పుడు మాత్రం ఆయనకు ఏ ఇబ్బందీ కలగలేదు.

మర్నాడు, మా అత్త ఆ పోయేకాలం మాట అన్న పొద్దునే, గోరుచిక్కుడు పొయ్యి మీద పెట్టి రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ ఆఫీసుకి ఫోన్ చేశాను. ఎత్తినావిడ యూనివర్సిటీ పేరు రెండుసార్లు చెప్పించుకుంది. "ఆ డిగ్రీ మేం రిజిస్టర్ చెయ్యం అమ్మా. అది చేసినా మీరు డిప్లొమాయే. డబ్బులు కట్టారా?" అంది. లేదన్నాను. "కట్టబాకండి" అని పెట్టేసింది. నా మేలు కోరి ఆ వారంలో ఎవరైనా అన్న మాట అదొక్కటే.

అన్నం క్యారియర్ తీసుకుని కొట్టుకి వెళ్ళాను. మిరప నార్లు పోసే రోజులు. రొంపిచెర్ల నుంచి వచ్చిన రైతు ఒకాయన, ఎవరో ఊళ్ళోకి తెచ్చి సగం రేటుకి అమ్ముతున్న మిరప విత్తనాల పేకెట్ చూపిస్తున్నాడు. శ్రీహరి పేకెట్ తిప్పి తిప్పి చూశాడు. కళ్ళద్దాలు పెట్టుకుని మళ్ళీ చూశాడు. "ట్యాగ్ ఏది బాబాయ్? లాట్ నంబర్ ఏది? యూనివర్సిటీ విత్తనం అని రాస్తే సరిపోద్దా? ఇది పోస్తే మొలక వస్తది, చెట్టు వస్తది, కాయ మాత్రం రాదు. అప్పుడెవరిని అడుగుతావు?" అన్నాడు. రైతు దండం పెట్టినంత పని చేసి వెళ్ళాడు. నేను క్యారియర్ పట్టుకుని నిలబడి, ఇంత తెలివి మిరపగింజకు ఖర్చు పెట్టి పెళ్ళాం చదువు దగ్గరికొచ్చేసరికి అరుణ్ కుమార్ మాట నమ్మిన ఈ మనిషిని చూసి, ఎప్పటిలాగే, పాపం తెలియదులే అనుకున్నాను. ఆ అనుకోవడం నాకు అలవాటు. దానివల్ల కోపం జాలిగా మారుతుంది, కాపురం నడుస్తుంది.

"కౌన్సిల్ వాళ్ళను అడిగాను. ఆ కోర్సుకి గుర్తింపు లేదట" అన్నాను.

ఆయన క్యారియర్ మూత తీస్తున్నాడు. "తెలుసు" అన్నాడు.

"ఏం తెలుసు?"

"గుర్తింపు లేదని. అరుణ్ గాడు ముందే చెప్పాడు."

"మరి?"

"మరేంది? గుర్తింపు ఉన్నది చేస్తే ఊరుకుంటావా? గవర్నమెంటు పోస్టంటావు. మాచర్ల అవతల ఏ తండాలోనో వేస్తారు. అమ్మనెవరు చూస్తారు? డిగ్రీ అడిగావు, డిగ్రీ వస్తది. పటం కట్టించి హాల్లో పెడదాం. గోరుచిక్కుడా ఇయ్యాళ?"

తెలుసు అన్న ఆ మాట దగ్గరే ఆగిపోయాను. ఆయన ముద్ద కలుపుతున్నాడు. నైట్ డ్యూటీ నుంచి వచ్చిన మనిషికి నిద్ర కావాలని ఆయనకు తెలియదనుకున్నాను. జ్వరంతో ఉన్నప్పుడు వంట చేశాననీ తెలియదనుకున్నాను. మా అత్త అనే మాటలు పక్క గదిలోకి వినపడవనుకున్నాను. ఇన్నేళ్ళూ ఆయన తరఫున నేను కష్టపడి ఒక అమాయకుణ్ణి తయారు చేసి, వాడితో కాపురం చేశాను. నకిలీ పేకెట్‌ను చూడగానే పట్టే మనిషి, నకిలీ అని తెలిసే దాన్ని నా కోసం ఎంచాడు. కాయ రాకూడదనే ఎంచాడు.

నేను ఏడవలేదు, అరవలేదు. వినడానికి కొట్టులో గుమస్తాలున్నారు. ఆయనకు కావలసింది నేను అరవడమే, అప్పుడు నాకు తిక్క అని చెప్పొచ్చు. హ్యాండ్ బ్యాగ్ భుజాన వేసుకున్నాను. దరఖాస్తుకి కావలసినవన్నీ ఫోన్‌లో ఉన్నాయి.

"ఎటు?" అన్నాడు.

"గుంటూరు. కాలేజీలో దరఖాస్తు పెడతాను. హాస్టల్ ఉందేమో అడుగుతాను."

"హాస్టలేంది? ఏమే, తిక్కా?"

గుమస్తాలు తలలెత్తారు. ఆయన గొంతు తగ్గించి, బస్టాండ్ దాకా వెంట నడిచాడు. ఎంగిలి చెయ్యి కూడా కడుక్కోలేదు. నేను గుంటూరు బస్సు మెట్టు మీద కాలు పెట్టాక దగ్గరికొచ్చి, "అమ్మకి మధ్యాహ్నం ఏ మాత్రలెయ్యాలో నాకు తెలియదే" అన్నాడు.

ఆయనకు ఏదైనా తెలియదంటే నమ్మడం అక్కడితో మానేసి, సీటు చూసుకుని కూర్చున్నాను.