దడ దొరికిన రోజు

మేడ్చల్‌లో బాలమణి కర్రీ పాయింట్ నడుపుతుంది. రెండేళ్లుగా ఆమెకు ఉన్నట్టుండి గుండె దడదడలాడేది, కళ్లు తిరిగేవి. ఆస్పత్రికి చేరేలోగా తగ్గిపోయేది. ఈసీజీ బాగానే వచ్చేది. తోటికోడలు ముత్తమ్మ సరిగ్గా ఎదురుగా ఇంకో కర్రీ పాయింట్ పెట్టినప్పటి నుంచే ఇది మొదలైంది. "కుళ్లుతోనే గట్లయితాంది," అని చుట్టాలు నవ్వుకున్నారు. బాలమణికీ లోలోపల అదే అనుమానం. సిగ్గుపడి ఎవరికీ చెప్పుకోలేదు.

ఒకరోజు గంజి వారుస్తూ తూలి పడబోయింది. కూతురు నయన పట్టుబట్టి గుండె డాక్టర్ భానుప్రకాశ్ దగ్గరికి తీసుకెళ్లింది. ఆయన ఛాతీకి గుండె కొట్టుకునే తీరును రాసిపెట్టే చిన్న మిషన్ తగిలించి, "ఇది పెట్టుకుని మీ పని మీరు చేసుకోండి," అని పంపాడు. మర్నాటికి దడ అందులో పట్టుబడింది.

"గుండె కింది గదిలో ఒకచోట కరెంటు తనంతట తనే పుడుతోందమ్మా. స్కానింగులో గుండె కండ బాగానే ఉంది, భయపడకండి," అన్నాడు డాక్టర్.

మాత్రలు వాడినా లాభం లేకపోయింది. తొడ దగ్గరి నరంలోంచి సన్నని తీగ పంపి ఆ చోటును కాల్చేద్దామన్నాడు.

తీరా బల్ల మీద పడుకోబెట్టాక గుండె బుద్ధిగా కొట్టుకోసాగింది. దడ వస్తే గానీ చోటు తెలియదు. దడ తెప్పించే మందెక్కించినా రాలేదు.

"మామూలుగా ఎప్పుడొస్తుందమ్మా?"

బాలమణి నసిగింది. "కోపమొస్తె వస్తది సారూ."

"ఎవరి మీద?"

"మా ముత్తమ్మ మీద. నేను గోంగూర పప్పు జేస్తే గదే జేస్తది. నా గిరాకీని 'రా బిడ్డా' అని పిలుస్తది. సూసి సూడనట్టు నవ్వుతది గూడా!" గొంతు పెరిగింది. తెర మీద గీతలు ఎగిరిపడ్డాయి.

"ఆపకండి, చెప్పండి!"

ఆమె చెబుతూనే ఉంది. చోటు దొరికింది. డాక్టర్ తీగతో దాన్ని కాల్చేశాడు. ఛాతీలో కాస్త వెచ్చగా అనిపించింది, అంతే.

దడ పోయిందో లేదో చూడటానికి మళ్లీ మందెక్కించి, "ఇంకోసారి చెప్పండమ్మా," అన్నాడు డాక్టర్. బాలమణి మొదటిసారి మరిచిపోయినవి కూడా కలిపి చెప్పింది. కోపం ఇసుమంతైనా తగ్గలేదు. గుండె మాత్రం నిదానంగా కొట్టుకుంటోంది.

"అంటే నాది కుళ్లు కాదా సారూ?"

"కాదమ్మా, జబ్బు. అది పోయినట్టే."

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

వార్డులోకి వచ్చాక నయన అడిగింది. "డాక్టర్ సారు నవ్వుకుంట బయటికొచ్చిండు. లోపల ఏం జెప్పినవే అమ్మా?"

"ఏం లే. కూరల ముచ్చట," అని బాలమణి కళ్లు మూసుకుంది.